మా నవలలోని పేరంటాలు



"మీరు నవల వ్రాయుచున్నారట. కంటికి కానరాని వారు మనుష్యులను వెన్నంటి కాచుచుందురని అందులో చెప్పుచున్నారట. నిజమేనా?" అని ఇరుగుపొరుగు స్త్రీలు మమ్ము తరచుగా అడుగుచున్నారు. నిజమే. మూడేండ్లనుండి వ్రాయుచున్నాము. కాని ఆ నవల మేము మొదట తలపెట్టిన త్రోవను విడిచి వేరొక త్రోవ పట్టినది. దాని నట్లు మరలించినవారు పండితులు కారు, విమర్శకులు కారు. మా వీధిలోని యొక ఇల్లాలు. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

మా నివాసము మచ్చ బొల్లారము. ఇది సికిందరాబాదునకు ఉత్తరమున, అల్వాలు నానుకొని యున్నది. ఒకప్పుడు పొలములును మోటబావులును గల పల్లె. 2007వ సంవత్సరమున అల్వాలుతోబాటు మహానగరమున కలిసినది. 2016లో జిల్లాలను విభజించినపుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనికి వచ్చినది. పొలములున్న చోట నేడు మేడలు లేచినవి. మావారు బడిపంతులు. మేము మాత్రము బడికి పోయి చదువలేదు. మా తండ్రిగారు సాయంకాలములందు పీటవేసి కూర్చుండబెట్టి అమరము వల్లె వేయించిరి. భారత భాగవతములకు అర్థము చెప్పిరి. పిల్లలు బడికిని మావారు పనికిని పోయిన పిదప, వంటయింటి పని తీరిన తరువాత దొరకెడి రెండు గడియలే మాకు రచనాకాలము.

కాచువారిని గూర్చి వ్రాయవలెనను కోరిక మాకు పుస్తకములనుండి పుట్టలేదు; ఈ నేలనుండి పుట్టినది. మా ప్రాంతమున ఊరి నడుమ బొడ్రాయి యుండును. అది ఊరికి నాభివంటిదని పెద్దలందురు. చెరువుగట్టున పసుపు కుంకుమలు పూసిన రాయి యుండును, ఆమె కట్టమైసమ్మ. గట్టు తెగకుండ, నీరు ఊరిమీద పడకుండ ఆమె రేయింబవళ్లు మేలుకొని యుండునని నమ్మిక. ఆషాఢమాసమున బోనము లెత్తుట ఈ కాచెడి తల్లికి కృతజ్ఞత చెప్పుకొనుటయే. 1813లో జంటనగరములలో మహామారి చెలరేగెననియు, అప్పుడు ఉజ్జయినిలో నున్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య అను నతడు అచ్చటి మహాకాళికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో సికిందరాబాదున అమ్మవారిని నిలిపెననియు చెప్పుదురు. బోనముల మరునాడు అచ్చట రంగమనునది జరుగును. ఒక స్త్రీ పచ్చికుండమీద నిలుచుండి రాబోవు కాలమును చెప్పును. వేలజనము ఊపిరి బిగబట్టి వినును. 2014లో ఈ బోనములను తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు పండుగగా ప్రకటించినది.

ఊరికి మైసమ్మ యెట్లో ఇంటికి పేరంటాలట్లు. పసుపు కుంకుమలతో కన్నుమూసిన ఇల్లాలిని ఆ యింటివారు మరువరు. ఆమె పేరిట చీర రవిక పెట్టి, ఆ పిదపనే శుభకార్యము మొదలిడుదురు. ఒకప్పుడు ఇంటి కోడలుగా నున్న స్త్రీ అట్లు ఊరి కంతటికి తల్లి యగుటయు కలదు. మునేటి యొడ్డున పెనుగంచిప్రోలులో వెలసిన తిరుపతమ్మ అట్టి పేరంటాలే. ఆ తల్లి తిరునాళ్లకు ఎన్ని యూళ్లనుండి బండ్లు కట్టుకొని పోయెడివారో మా యమ్మమ్మగారు కథలుగా చెప్పెడివారు.

మా నవలకు మూలమిదియే. ఒక యింట పెద్దకోడలు ఇరువదియెనిమిదవ యేట మరణించును. కాని ఆమె యిల్లు విడిచిపోదు. తులసికోట చెంత నుండి, మూడు తరములవారిని కనిపెట్టుచుండును. ఆమెను ఎవ్వరును చూడలేరు. ఆమె మాత్రము అందరిని చూచుచుండును. బియ్యపుబానలో తేలున్నదని తెలియక చిన్నకోడలు చేయిపెట్టబోవునపుడు అటకమీది చెంబును దొర్లించి ఆమెను వెనుకకు త్రిప్పును. దొంగ దొడ్డిగోడ దూకినపుడు ఊయలలోని బిడ్డను గిల్లి యేడ్పించి ఇంటివారిని మేలుకొలుపును. వ్రాయుచుండగా మాకును సంతోషముగానే యుండెను. మనకు తెలియకుండ మనలను కాచువారుండిరన్న మాట ఎవరికి తీపిగా నుండదు?

ఇట్టి నవల వ్రాయుటకు తెలుగున మార్గమున్నదా యని మావారిని అడిగితిమి. వారు రెండు పుస్తకములు తెచ్చి ముందుంచిరి. ఒకటి కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము. 1878లో పత్రికయందు ప్రకటింపబడుట మొదలై 1880లో గ్రంథరూపము దాల్చినది. తెలుగు నవలలలో మొదటి దని పేరొందిన దదియే. అందు పంతులుగారు శకునములను, సోదెలను, భూతవైద్యులను, బంగారము చేసి యిచ్చెదమను మోసగాండ్రను ఉతికి ఆరవేసిరి. రెండవది విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. 1934లో వ్రాయబడినది; ఆంధ్ర విశ్వవిద్యాలయమువారి బహుమానమును అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలిసి పంచుకొన్నది. సుబ్బన్నపేట అను నొక యూరిని వేయిపడగల సర్పరూపమున సుబ్రహ్మణ్యేశ్వరుడు కాచుచుండును. గణాచారి యను స్త్రీ పూనకమున ఆ దేవుని మాట పలుకును. కాలము మారిన కొలది ధర్మములు సడలును, పడగలు తరుగును. పి.వి. నరసింహారావుగారు దీనినే సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చిరి.

ఈ రెండును చదివిన పిదప మాకొక్క విషయము తోచినది. మొదటిది కంటికి కానరాని దానిపేర జరుగు మోసమునుండి మనలను కాపాడుచున్నది. రెండవదానియందు కాచువాడే క్షీణించుచున్నాడు. అతనిని నిలుపుట మనుష్యుల నడవడి యందున్నది. అనగా ఇందు కాచువారికిని కాపు అక్కరయై యున్నది. అప్పుడు ఈ మాట యొక్క లోతు మాకు తెలియలేదు.

ఎనిమిదవ ప్రకరణము పూర్తియైన నాడు మధ్యాహ్నము మా యరుగుమీద నలుగురైదుగురు స్త్రీలు చేరిరి. ఒకరు చింతపండు పిక్కలు తీయుచుండిరి, ఒకరు గోంగూర గిల్లుచుండిరి. మేము చదువుచుంటిమి. ఆ ప్రకరణమున ఇంటి మనుమడు గాలిపటము వెంట పరుగెత్తి పాడుబావి యొడ్డున కాలు జారును. పేరంటాలు వాని చొక్కా పట్టి వెనుకకు లాగును. వినువారందరు "అమ్మయ్య!" అని నిట్టూర్చిరి. ఒక్కరు మాత్రము పలుకలేదు. ఆమె మా వీధిలో రవికలు కుట్టి సంసారము నడుపుకొను ఇల్లాలు. చేతిలోని సూది ఆగినది. కొంతసేపటికి మెల్లగా ఇట్లనినది:

"అక్కా, గట్లయితే నా కొడుకు ఎంబడి ఎవ్వరు లేకుండెనా?"

ఆమె కుమారుడు అయిదేండ్ల క్రిందట, తొమ్మిదేండ్ల ప్రాయమున, పొలములు పోయి మేడలు వచ్చిన చోట నోరు తెరచుకొని మిగిలియున్న యొక పాత బావిలో పడి చనిపోయెను. ఇది మాకు తెలియని సంగతి కాదు. ఆ నాడు ఆ యింటికి అన్నము వండి పంపినది మేమే. అయినను వ్రాయువేళ మరచితిమి. బావి యనగానే కథకు రక్తికట్టునని తోచినదే గాని, ఆ బావి యెవరిదో, దానిలో నేమున్నదో తోచలేదు. ఈ తప్పు మాదే. ఆమె కోపగించుకొనలేదు. అడిగినది, కుట్టుపని చుట్టుకొని లేచిపోయినది.

ఆ తరువాత నాలుగు నెలలు మేము కలము పట్టలేదు. ఆమె ప్రశ్నకు లోకమున సిద్ధముగా నున్న ప్రత్యుత్తరములు మూడు. మొదటిది, ఆ బిడ్డ పూర్వకర్మ మట్టి దనుట. ఆ మాట తల్లి మొగముమీద చెప్పగలవారు చెప్పుకొందురుగాక. మాకు నోరు రాలేదు. రెండవది, కాచెడి తల్లికి కోపము వచ్చిన దనుట. ఆ యేడు ఆమె ఒంట్లో బాగులేక బోనమెత్తలేదని జ్ఞాపకము చేసిన పుణ్యవతులు లేకపోలేదు. బిడ్డను పోగొట్టుకొన్న దానిమీద ఆ నేరమునుగూడ మోపుట కంటె క్రూరమైన పని మే మెరుగము. మూడవది, ఆ పిల్లవాని యాత్మను పిలిచి మాటలాడించెదమనుట. అందుకు ఇంత సొమ్మని చెప్పి యొకడు ఆమె గడపకే వచ్చెనట!

ఈ మూడవదానిని గూర్చి సోదరీమణులకు ఒక సంగతి చెప్పవలసియున్నది. అమెరికాలో 1848లో ఫాక్స్ అను నింటిపేరుగల బాలికలు, తమ యింట తట్టుడు చప్పుళ్ల ద్వారా చనిపోయినవారు మాటలాడుచున్నారని చెప్పిరి. ఆ దేశమున ఆత్మలతో సంభాషించు సభలు వేలకొలదిగా లేచుట కిదియే నాంది. 1888లో ఆ యక్కచెల్లెండ్రలో మార్గరెట్టు అనునామె నిండుసభలో నిలిచి, ఆ చప్పుళ్లు తమ కాలివ్రేళ్ల కీళ్లతో చేసినవేయని ఒప్పుకొనెను. మరుసటి యేడు ఆ మాటను మరల వెనుకకు తీసికొన్నను, చేసి చూపిన పని చూపినట్లే మిగిలినది. దుఃఖమున్నచోట దుకాణము తెరచువాడు అన్ని దేశములందును కలడు. మన వీరేశలింగము పంతులుగారి చీపురు నేటికిని అరిగిపోవలసిన కాలము రాలేదు.

ఇక్కడనే మరియొక మాట. ఆ దేశముననే సెయింట్ లూయిస్ నగరమున పర్ల్ కర్రన్ అను గృహిణి యుండెను. అక్షరముల పలకపై చేయి యుంచగా, ఎన్నడో గతించిన పేషెన్స్ వర్త్ అను స్త్రీ 1913 మొదలుకొని తనచేత పద్యములును నవలలును పలికించుచున్నదని ఆమె చెప్పెను. ఆ నవలలలో నొకటి 1917లో అచ్చై మెప్పును పొందినది. మిమ్ము నెవరైన ఆవహించి వ్రాయించుచున్నారా యని మమ్మడిగినవారికి మా సమాధానమిది: లేదు. మా తప్పొప్పులు రెండును మావే. ఎవరో చెప్పగా వ్రాసితిమని అనుకొన్నచో ఆ యిల్లాలి ముందు తల వంచుకొనవలసిన పనియే యుండకపోవును గదా!

నాలుగు నెలల పిదప మా తండ్రిగారు చెప్పిన పాఠములను మరల తెరచితిమి. అమరమున దేవయోనులు పదివిధములుగా చెప్పబడిరి: విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రక్షస్సులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచులు, గుహ్యకులు, సిద్ధులు, భూతములు. చిన్నతనమున వల్లె వేసితిమి గాని, వీరు మనుష్యుల యెడ ఏమి చేయుదురు, ఏమి చేయరు అని ఆలోచింపలేదు. ఈసారి ఆ కన్నుతో చూచితిమి.

వీరేశలింగము పంతులుగారు తెనిగించిన శాకుంతలమునందు ఆరవ యంకమున సానుమతి యను అప్సరస వచ్చును. ఆమె మేనకకు చెలి. కంటికి కనబడకుండ దుష్యంతుని యుద్యానమున నిలిచి అతని పశ్చాత్తాపమును చూచును. శకుంతల యెచ్చట నున్నదో ఆమెకు తెలియును. ఒక్క మాట చెప్పిన రాజు దుఃఖము తీరును. చెప్పుదునా యని తలచి, మానుకొని, చూచినదంతయు చెలి కెరిగించుటకు వెడలిపోవును. భవభూతి ఉత్తరరామచరితమున మూడవ యంకమునందు సీత గంగానుగ్రహమున అదృశ్యయై పంచవటిలో నిలుచును. తమసా నది తోడుగా నుండును. రాముడు మూర్ఛిల్లగా సీత చేయి తాకును, అతడు తెప్పరిల్లును. అంతే. పోయిన పండ్రెండేండ్లు తిరిగి రావు. అరణ్యపర్వమున కర్కోటకుడు నలుని కరచి, రూపము చెరచి, అతనిలో దూరిన కలిని విషముతో వేధించును. కాని రాజ్యమును మరల గెలుచుకొనుట నలుని పనియే. పైగా కార్చిచ్చునుండి కర్కోటకుని ముందు రక్షించినవాడు నలుడు!

ఇక ద్రోణపర్వము. అభిమన్యునికి మేనమామ యెవరు? సాక్షాత్తు శ్రీకృష్ణుడు. ఇంతకు మించిన కావలి లోకమున నున్నదా? అయినను పద్మవ్యూహమున పదునారేండ్ల బాలుడు ఒంటరిగా పడిపోయెను. ఆ వేళ కృష్ణుడు అర్జునుని రథముపై సంశప్తకులతోడి యుద్ధమున దూరముగా నుండెను. తిక్కనగారి తెనుగున సుభద్ర విలాపము చదివినపుడు, ఇన్నాళ్లు దానిని రసవద్ఘట్టముగా మాత్రమే చదివితిమని సిగ్గుపడితిమి. సుభద్ర అడిగినదియు, మా వీధి యిల్లాలు అడిగినదియు ఒక్కటియే. కృష్ణుడు చెల్లెలి చెంతకు పోయి కూర్చుండి ఊరడించెను. చనిపోయినవానిని లేపి తెచ్చి యొడిలో పెట్టలేదు. మన పూర్వులు కాచువారిని నమ్మినవారే. నమ్మియు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని కావ్యమునుండి బయటకు పంపలేదు. మా నవల ఆ పని చేసినది.

అటువంటి యొక సాయంకాలమున, నూనె తెచ్చుటకు అంగడికి పోయి, అడ్డదారిన తిరిగి వచ్చుచుంటిమి. ఆ పాత బావి కనబడినది. బిడ్డ పోయిన పిదప దానిపై ఇనుప జాలి వేయించిరి. ఆ జాలిచెంత ఆ యిల్లాలు వంగి నిలుచుండి, తాళమును లాగి చూచుచుండెను. చుట్టును ఆడుకొను పిల్లలను "పొండ్రి, ఇండ్లకు పొండ్రి, చీకటైతున్నది" అని తోలినది. మేము పలుకరింపగా, "దినాం ఒక్కపారి వచ్చి చూస్తనక్కా. తాళం ఊడితె ఎవరికి ఎరుక?" అనినది. అయిదేండ్లనుండి ఒక్క సంధ్యయు ఆమె మానలేదట. ఆ జాలి వేయించుటకు కాగితము పట్టుకొని కార్యాలయముల మెట్లెక్కి దిగినదియు ఆమెయే. ఆ పిల్లలకు ఈ సంగతి తెలియదు. వారి తల్లులలో ననేకులకు తెలియదు. మాకే తెలియదు!

కంటికి కానరాక కాచువారిని గూర్చి మూడేండ్లుగా వ్రాయుచున్న మేము, మా వీధిలో అట్లు కాచుచున్న మనిషిని చూడలేదు.

మరునాడు ఎనిమిదవ ప్రకరణమును చించివేసి క్రొత్తగా మొదలుపెట్టితిమి. ఇప్పుడు మా పేరంటాలు పిల్లవాని చొక్కా పట్టుకొనలేదు. ఆమె చేయి గాలివంటిది, పట్టుకొన జాలదు. పిల్లవాడు పోవును. ఆమె ఆ తల్లి ప్రక్కన కూర్చుండును. తల్లి అన్నము ముట్టని దినముల నెల్ల లెక్కపెట్టును. ఒకనాటి సంధ్యవేళ తల్లి లేచి బావివైపు నడచినపుడు, ఏమి చేసికొనునో యని వెంట పోవును. తల్లి బావిలోనికి చూచి, పిమ్మట చుట్టును చూచి, అచ్చట ఆడుచున్న పరాయి బిడ్డ చేయి పట్టుకొని ఇంటికి నడిపించును. అప్పుడు పేరంటాలికి తెలియును, కావలి తన చేతినుండి ఈమె చేతికి వచ్చినదని.

1946లో అమెరికాలో తీసిన యొక చలనచిత్రమును మావారు మాకు చూపిరి. పేరు ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్. అందొక గృహస్థుడు అప్పులపాలై వంతెనపై నుండి దూకబోవును. అతనిని కాపాడుటకు వచ్చిన దేవదూత అతని చేయి పట్టుకొనడు. తానే ముందు నీటిలో దూకును. వీడు మునిగిపోవుచున్నాడే యని ఆ గృహస్థుడు తన చావును మరచి వానిని రక్షించును. ఇచ్చట నలుడు కర్కోటకుని రక్షించినట్లే అచ్చటను జరిగినది. కాచువాడు తాను బలవంతుడై కాచుటకంటె, మనలో నిద్రించు కావలిని మేల్కొల్పి కాచును. దేశములు వేరైనను ఈ మాట ఒక్కటిగానే తోచుచున్నది.

క్రొత్త ప్రకరణమును అచ్చునకు పంపక మునుపు ఆ యిల్లాలికి ఒంటరిగా చదివి వినిపించితిమి. ఆమె దుఃఖము ఆమెది. దానిని ఆమె యనుమతి లేక వాడుకొనుట మరల తప్పగును. ఆమె కన్నులు తుడుచుకొనుచు తుదివరకు వినినది. "మీరు వ్రాయవలదనినచో వ్రాయము" అంటిమి. కొంత యాలోచించి, "రాయుండ్రి అక్కా. బాయి మీద జాలి ఏపిచ్చినట్టు గుడ రాయుండ్రి. సదివినోళ్లు వాళ్ల దిక్కు బాయిలుంటె మూపిస్తరు" అనినది.

ఆ మాటను నవలలో చేర్చితిమి, ఇచ్చటను చేర్చుచున్నాము. ఆమె మొదట అడిగిన ప్రశ్నకు మేము బదులు చెప్పలేదు, చెప్పగలమనియు అనుకొనము. సోదరీమణులారా, మీ యింట దీపము పెట్టిన పిదప ఒక్కసారి వీధిలోనికి చూడుడు. మీ వాడలో మూతలేని బావి, ప్రహరి లేని గుంత, తీగ వ్రేలాడు స్తంభ మేదైన నున్నదేమో కనుగొనుడు. ఆషాఢమున బోనమెత్తెడి చేతులే ఆ కాగితముమీద వ్రాలు చేయవలెను. మైసమ్మ గట్టుమీద మేలుకొనియే యున్నది. మేలుకొన్న తల్లికి తోడుగా నిలుచుటయు మ్రొక్కు చెల్లించుటయే యగును.